యౌగపద్య విచారము

కాలమనఁగా నేమి యను ప్రశ్నకు వైశేషికులు చెప్పిన సమాధానము తర్కసంగ్రహము చదివిన ప్రతి విద్యార్థికిని దెలిసినదే. గడచినది, జరుగుచున్నది, రాఁబోవునది యను వాడుకకుఁ గారణమైన ద్రవ్యము కాలము, అది యొక్కటే, నిత్యము, సర్వవ్యాపకము. ఆ గ్రంథమును రచించిన అన్నంభట్టు మన యాంధ్రుఁడే. అతనికి మిక్కిలి పూర్వుఁడగు కణాదుఁడు కాలమునకు లింగములను జెప్పుచుఁ బరాపరత్వములతోను, చిరత్వ క్షిప్రత్వములతోను బాటు యౌగపద్యమును గూడఁ బేర్కొనెను. 'ఈ రెండును ఒక్కసారి జరిగినవి' యను ప్రతీతి మనకుఁ గలుగుచున్నది; కావున నా ప్రతీతికి విషయమై, అన్ని చోట్లను నేకముగా వ్యాపించి, కాలమను పదార్థమొకటి యుండవలెనని యనుమానించుట దీని తాత్పర్యము.

ఈ యనుమానమునందలి హేతువు, దూరస్థములగు సంఘటనల విషయమున, స్వరూపాసిద్ధమని 1905 వ సంవత్సరమున ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ చూపెను. అప్పటి కాతఁడు స్విట్జర్లండు దేశమునందలి బెర్న్ నగరములోఁ బేటెంటు కార్యాలయమున నుద్యోగి. సాపేక్షవాదమును గూర్చిన మూలవ్యాసములకు 1920 లోఁ గలకత్తా విశ్వవిద్యాలయము వారు ప్రకటించిన యాంగ్లానువాదము మేఘనాద సాహా, సత్యేంద్రనాథ బోసు అను నిరువురు భారతీయులు చేసినది. కనుక నీ విషయము మన దేశమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. అయినను మన పండితమండలిలో దీనిఁ గూర్చి రెండు విధములైన మాటలు వినవచ్చుచుండును. 'ఇది మన దేశాంతర సంస్కారమే కదా! జ్యోతిష్కులు వేయేండ్ల క్రిందటనే యెఱుఁగుదురు' అనువారు కొందఱు. 'పౌర్వాపర్యము చూచువానిని బట్టి మాఱునేని కార్యకారణభావమే నశించును. కావున నిది యుక్తము కాదు' అనువారు మఱికొందఱు. మొదటివారు విషయమును మిక్కిలి చిన్నది చేసిరి. రెండవవారు మిక్కిలి పెద్దది చేసిరి. కోనసీమ యూళ్లను, ఏళ్లను నుదాహరణములుగాఁ గొని యీ రెండు పక్షములను బరిశీలింతము.

మొదట దేశాంతరము. అమలాపురము తూర్పు రేఖాంశము ఇంచుమించుగా 82 డిగ్రీలు. రాజోలుది 81 డిగ్రీల 50 కలలు. కొత్తపేట యీ రెంటికి నడుమ. భూమి యొక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు, అనఁగాఁ బది విఘడియలు పట్టును. కావున రాజోలులో శంకుచ్ఛాయ మిక్కిలి పొట్టి యగుటకు సుమారు 40 సెకండ్లు ముందే యమలాపురమున మధ్యాహ్నమగును. సిద్ధాంతగ్రంథములు మధ్యరేఖగాఁ జెప్పిన యుజ్జయినికిని నమలాపురమునకును గల యంతరము గడియ పైని రెండు విఘడియలు. పంచాంగకర్తలు చేయు దేశాంతర సంస్కారమిదియే. పాశ్చాత్యుల లెక్కయు నిట్టిదే. పూర్వము రైళ్లన్నియు మద్రాసు కాలమును బట్టి నడచునప్పుడు అమలాపురపు మధ్యమ కాలము దానికంటె 7 నిమిషములు ముందుండెడిది. 1906 జనవరి 1 వ తేదీ నుండి 82½ డిగ్రీల రేఖను బట్టి భారతీయ ప్రామాణిక కాల మేర్పడినది. ఆ రేఖ మనకు సమీపముననే, కాకినాడకుఁ దూర్పుగా, అన్నవరమునకును దునికిని నడుమ పోవుచున్నది. కావున నిప్పు డమలాపురము గడియారముకంటె 2 నిమిషములు వెనుకఁబడి యుండును. యుద్ధదినములలో, 1942 సెప్టెంబరు మొదలు 1945 అక్టోబరు నడుమ వఱకు, ప్రభుత్వమువారు గడియారముల నొక గంట ముందునకుఁ ద్రిప్పిరి. సూర్యుఁడు దానిని లక్ష్యపెట్టలేదు.

వీనిలోఁ గ్రొత్త తత్త్వ మేమియు లేదు. సూర్యసిద్ధాంతము దేశాంతరమును గనుఁగొనుటకుఁ జంద్రగ్రహణము నుపయోగింపుమని చెప్పుచున్నది. ఏల? చంద్రునిపై భూచ్ఛాయ పడుట లోకమంతకు నొక్కటే సంఘటన. అప్పు డమలాపురపు ఘటికాయంత్ర మొక సంఖ్యను, ఉజ్జయిని యంత్రము వేఱొక సంఖ్యను జూపును; ఆ సంఖ్యల భేదమే దేశాంతరము. అనఁగా క్షణమొక్కటే, పేళ్లు రెండు. ఒక్క మనుష్యుని నొకరు బాబాయి యనియు, నింకొకరు బావ యనియుఁ బిలిచినంత మాత్రమున మనుష్యులిద్ద ఱగుదురా? కావున దేశాంతర సంస్కారము యౌగపద్యమును గాదనుట లేదు సరిగదా, దానిని ముందుగా నంగీకరించియే ప్రవర్తించుచున్నది. ఐన్‌స్టీన్ శంకించినది పేళ్లను గాదు, ఆ క్షణము యొక్క యేకత్వమును. ఈ రెంటిని గలిపి 'మన పెద్ద లెఱుఁగనిది లేదు' అనుట పెద్దలకు గౌరవము గాదు. వారు కష్టపడి సాధించినదానిని మఱుఁగుపఱచుటయే యగును.

వెలుఁగు వచ్చుటయందలి యాలస్యమును గూడ నిటనే తీసివేయవలెను. వెలుఁగు సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. దానికి వేగపరిమితి గలదని డెన్మార్కు దేశస్థుఁడు రోమర్ 1676 లో గురుగ్రహముయొక్క చంద్రుని గ్రహణములను జూచి నిర్ణయించెను. సూర్యునినుండి కిరణము మనకుఁ జేరుటకు 8 నిమిషముల 19 సెకండ్లు పట్టును. కావున మనము చూచు సూర్యుఁడు ఇరువది విఘడియల క్రిందటి సూర్యుఁడు. ఇది చోద్యమే గాని యిదియుఁ బ్రకృత విషయము గాదు. దూరము దెలిసిన పిమ్మట నీ యాలస్యమును దీసివేసి లెక్కింపవచ్చును. ఆలస్యమంతయుఁ దీసివేసిన తరువాతఁ గూడ నిరువురు ద్రష్టల నడుమ మిగులు భేదమే మన విచారమునకు విషయము. ఆ భేదము వారి చూపువలనఁ గలిగినది గాదు, వారి గమనమువలనఁ గలిగినది.

రైలునందలి ద్రష్టను, కట్టపై నిలిచిన ద్రష్టను జెప్పి యీ విషయమును బోధించుట ఐన్‌స్టీన్ నాఁటినుండి యాచారము. గౌతమీ వాసిష్ఠముల నడుమ నున్న కోనసీమ చిరకాలము రైలు నెఱుఁగని దీవి. ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికిఁ బూర్తియైన తరువాతఁ గాలువలు ప్రాఁకి, పడవయే ముఖ్యవాహనమైనది. కావునఁ బడవనే గ్రహింతము. పడవ యైనచో మన కింకొక లాభముకూడఁ గలదు. నావలోఁ బోవువాఁడు ఒడ్డున నున్న చెట్లు వెనుకకుఁ బోవుచున్నట్లు చూచునని యార్యభటుఁడు దృష్టాంతము చెప్పి, నక్షత్రముల పడమటి గమనమును భూభ్రమణముచేత నుపపాదించెను. ఆ దృష్టాంతము మనకు మరల నక్కఱకు వచ్చును.

కాలువలో నొక పొడవైన పడవ తూర్పుగా సాఫీగాఁ బోవుచున్నది. దాని నట్టనడుమ నొకఁడు నిలిచి రెండు చేతులతో రెండు బంతులను, ఒకటి ముందుకొనకు, నొకటి వెనుకకొనకు, ఒకే బలముతో విసరెను. పడవలోనివారికి రెండు బంతులును రెండు కొనలను నొక్కసారి తాఁకును. గట్టుమీఁదివానికి? వాని దృష్టిలో ముందుకొన బంతినుండి పాఱిపోవుచున్నది. వెనుకకొన బంతి కెదురు వచ్చుచున్నది. కాని ముందునకు విసరిన బంతికిఁ బడవ వేగము కలిసినది. వెనుకకు విసరినదానికిఁ దగ్గినది. పూర్వపు గతిశాస్త్రపు లెక్కచొప్పున నీ కూడికయుఁ దీసివేతయు సరిపోయి గట్టుమీఁదివానికిఁ గూడ రెండును నొక్కసారియే తాఁకవలెను. ఇంతవఱకు వివాదము లేదు. మన పూర్వుల యౌగపద్యము చెక్కుచెదరలేదు.

ఇఁక బంతులకు బదులు వానిచేత దీపము నుంచుఁడు. తటాలున వెలిగించెను. పడవలోనివారికి, నడుమనుండి రెండు కొనలకు దూరము సమానము, వెలుఁగు వేగమును సమానము. కావునఁ గొనలు రెండును నొక్కసారి వెలిఁగినవి. గట్టుమీఁదివానికి మాత్రము సంగతి వేఱు. వెలుఁగునకుఁ బడవ వేగము కలియదు, తగ్గదు. వెలుఁగు నిచ్చువస్తువు కదలినను, కదలకున్నను, చూచువాఁ డెట్లు పోవుచున్నను, దాని వేగ మొక్కటే. ఇది యూహ గాదు. భూగమనమువలన వెలుఁగు వేగమున మార్పు కనఁబడునేమో యని అమెరికాలో మైకెల్సన్, మోర్లే యనువారు 1887 లో మిక్కిలి సూక్ష్మముగాఁ బరీక్షించి యేమియుఁ గానరైరి. అటుపిమ్మట నట్టి పరీక్షలు పెక్కు జరిగినవి, ఫలితము మాఱలేదు. అట్లగుటచే గట్టుమీఁదివాని దృష్టిలో నెదురువచ్చు వెనుకకొనకే వెలుఁగు ముందు తాఁకవలెను. పాఱిపోవు ముందుకొనకుఁ బిమ్మటఁ దాఁకవలెను. పడవవాఁ డొక్కసారి యన్నదానిని గట్టువాఁడు రెండుసార్లు అనుచున్నాఁడు. ఇరువురును దమ దూరములను సరిగాఁ గొలిచిరి, ఆలస్యములను సరిగాఁ దీసివేసిరి. లెక్కలోఁ దప్పు లేదు.

ఇచ్చట నైయాయికుఁడు వెంటనే యనఁగల మాట యొకటి యున్నది. 'పడవవానికిఁ జెట్లు కదలునట్లు తోఁచుట భ్రమ; అట్లే వానికిఁ దోఁచిన యౌగపద్యమును భ్రమయే. గట్టువాని జ్ఞానమే ప్రమ' అని. చక్కని యాక్షేపము. కాని యార్యభటుని దృష్టాంతమే దీనికి సమాధానము. గట్టు నిలిచియున్నదని యెవరు చెప్పిరి? భూభ్రమణమువలన నమలాపురపు గట్టు సెకండునకు సుమారు 445 మీటర్లు తూర్పునకుఁ బోవుచున్నది. సూర్యునిచుట్టును భూమి సెకండునకు 30 కిలోమీటర్లు పోవుచున్నది. సూర్యుఁడును నిలువఁడు. ఇది పడవ, ఇది గట్టు అని సృష్టిలో నెచ్చటను ముద్ర వేయఁబడి లేదు. సాఫీగాఁ బోవు పడవ గదిలోఁ దలుపులు మూసికొని యెన్ని పరీక్షలు చేసినను 'నేను కదలుచున్నాను' అని కనుఁగొనుట యసాధ్యము. కావున నొకని జ్ఞానమును ప్రమ యనుటకు, నొకనిది భ్రమ యనుటకు వినిగమకము లేదు. రజ్జుసర్పమునకు బాధకజ్ఞానము గలదు, దీనికి లేదు.

ఇఁక మన యూళ్లకు వత్తము. అమలాపురమునకును రాజోలునకును దిన్నగాఁ గొలిచినచో సుమారు 22 కిలోమీటర్లు. నడుమ వైనతేయము. ఆ యేటిగట్టున సరిగా మధ్యబిందువునందు దీపము పెట్టి వెలిగించితిమనుకొందము. వెలుఁగు రెండూళ్లకును సుమారు 37 మైక్రోసెకండ్లలోఁ జేరును. సెకండును బదిలక్షల భాగములు చేసిన నొక భాగము మైక్రోసెకండు. ఆ వెలుఁగు తాఁకిన క్షణమున రెండూళ్లవారును దమ గడియారములను బండ్రెండు గంటలకు సరిచేసికొనిరి. ఊరివారందఱకు నీ గడియారము లేకకాలమున నున్నవి. ఇప్పుడు రాజోలునుండి యమలాపురమునకు గంటకు 36 కిలోమీటర్ల చొప్పున బస్సులోఁ బోవువాఁ డొకఁడు దీపము వెలిఁగినప్పుడే దాని ప్రక్కనుండెను. వానికి అమలాపురము వెలుఁగున కెదురువచ్చుచున్నది, రాజోలు దూరమగుచున్నది. కావున నమలాపురమే ముందు వెలుఁగందుకొన్నది. ఎంత ముందు? వాని వేగమును దూరముచే గుణించి, వెలుఁగు వేగముయొక్క వర్గముచే భాగించినచో వచ్చును. సెకండును లక్షకోట్ల భాగములు చేసినచో నందు సుమారు రెండున్నర భాగములు. సూర్యునిదగ్గఱ నుండి చూచువానికి, భూమి సెకండునకు 30 కిలోమీటర్లు పోవునట్లు కనఁబడుటచే, ఈ రెండు గడియారముల భేదము సెకండులో నూఱుకోట్లవ భాగము లేడింటివఱకుఁ బోవచ్చును. వెలుఁగు వేగములో సగము వేగముతోఁ బోవువానికి సుమారు 42 మైక్రోసెకండ్లు. అంత వేగమున గమించువాని గడియారమే మందగించునట్లు మనకుఁ దోఁచు మఱియొక కారణమును నిందుఁ జేరును గాని యది వేఱొక వ్యాసమునకుఁ దగిన విషయము.

ఇంత స్వల్పమైనదానికి నింత చర్చ యేల యని చదువరు లనవచ్చును. స్వల్పత్వము దూరముయొక్క స్వల్పత్వమే. దూరము పెరిఁగినకొలఁది భేదమును బెరుఁగును. ఉత్తరాభాద్రా నక్షత్రమున కుత్తరముగాఁ గొంచెము తూర్పునకు, చీఁకటిరాత్రులఁ బొగమరకవలెఁ గంటికిఁ గానవచ్చు దేవయానీ నీహారిక యొకటి యున్నది. అది మన పాలవెల్లివంటి నక్షత్రసముదాయము. అందలి వెలుఁగు మనకుఁ జేరుటకు సుమారు 25 లక్షల యేండ్లు పట్టును. అది క్షితిజముదగ్గఱ నున్నవేళ నమలాపురపు వీథిలో నిరువు రెదురెదురుగా నడచుచు నొకరినొకరు దాఁటిరి. ఒకఁ డా నీహారిక దిక్కునకు, నొకఁడు దానికి వెన్నిచ్చి పోవుచున్నాఁడు. ఇరువురును సామాన్యమైన నడకయే. దాఁటిన క్షణమున నిరువురును 'ఇప్పుడు దేవయానిలో నేమి జరుగుచున్నది?' అని యడుగుదురేని, వారి 'ఇప్పుడు'ల నడుమ నంతరము వారమురోజులు! ముందునకుఁ బోవువాని 'ఇప్పుడు' పిమ్మటిది, వెన్నిచ్చినవానిది ముందటిది. ఇంగ్లండు దేశపు గణితజ్ఞుఁడు రోజర్ పెన్‌రోజ్ 1989 లోఁ బ్రకటించిన గ్రంథమున నిట్టి యుదాహరణమును జెప్పెను. వారిలో నెవరును ఆ సంఘటనలను జూడఁజాలరు. చూడవలెనన్నచో 25 లక్షల యేండ్లు నిలువవలెను. కాని 'అన్ని చోట్లను నొక్కటే యైన యిప్పుడు' అను మాటకు వీథిలోనే నిలుకడ లేకపోయినది.

నా యభిప్రాయమున నీ విషయమున మన నైయాయికులకును, ఐన్‌స్టీనునకును గల నిజమైన సంబంధము దేశాంతరమునందు లేదు, మఱియొకచోట నున్నది. ముక్తావళి మొదలగు గ్రంథములు చదివినవారికి జ్ఞప్తి యుండును: కాలముయొక్క యుపాధి సూర్యుని క్రియ. ఇచ్చట జన్మించిన శిశువు ఇంత వయసువాఁడనుట, అచ్చట సూర్యుఁ డిన్ని పరిస్పందములు చేసెననుటయే. కాని సూర్యుని క్రియ సూర్యునియందున్నది, శిశువు భూమిపై నున్నాఁడు. ఈ రెంటికి సంబంధమేమి? సాక్షాత్సంబంధము లేదు. కావున రెంటితోడను గూడియుండి, సంబంధమును ఘటింపఁజేయు సర్వవ్యాపక ద్రవ్య మొకటి కావలెను; అదియే కాలము. ఎంత సూక్ష్మమైన ప్రశ్న! దూరమున నున్న గడియారమును నా దగ్గఱి సంఘటనతోఁ గలుపుట కేమి సాధనమని వారు వేయేండ్ల క్రిందటనే యడిగిరి. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుఁడు పొయింకారే 1898 లో నిదే ప్రశ్నను మరల నడిగెను. తంతివార్తల యుగమున వెలుఁగు సంకేతములతో గడియారములను గలుపుటను గూర్చి విచారించెను. ఐన్‌స్టీన్ దానినే సిద్ధాంతముగాఁ గట్టెను. ప్రశ్న యొక్కటే. సమాధానములు వేఱు. మనవారు సంబంధఘటకముగా విభుద్రవ్యమును గల్పించిరి. విభువు గనుక దానికి నాలస్యము లేదు, పక్షపాతము లేదు. ఐన్‌స్టీన్ కల్పన నంగీకరింపక, నిజముగా నొకచోటినుండి యింకొకచోటికిఁ బోవు వెలుఁగునే ఘటకముగా నుంచెను. వెలుఁగున కాలస్యము గలదు. ఆ యాలస్యము నీవలావల సమముగాఁ బంచునప్పుడు పంచువాని గమనము లెక్కలోఁ జేరును. యౌగపద్యము ద్రష్టృసాపేక్ష మగుటకు బీజ మిదియే.

ఇఁక రెండవ పక్షము. కార్యమునకు నియతముగాఁ బూర్వమున నుండునది కారణమని లక్షణము. పౌర్వాపర్యము చూచువానిని బట్టి మాఱినచో మజ్జిగ ముందు, పాలు వెనుక యగునా? కాదు. మాఱునది యే సంఘటనల క్రమమో నిదానముగాఁ జూడవలెను. అమలాపురమునుండి రాజోలునకు వెలుఁగు పోవుటకు 73 మైక్రోసెకండ్లు పట్టును. అమలాపురమున నొక సంఘటన జరిగిన 73 మైక్రోసెకండ్ల లోపల రాజోలులో నింకొకటి జరిగినచో, మొదటిదాని వార్త రెండవదానికిఁ జేరుట కవకాశమే లేదు. వెలుఁగుకంటె ముందు పోవు దూత లేఁడు. అట్టి రెండు సంఘటనలలో నొకటి వేఱొకదానికిఁ గారణము కాఁజాలదు. ద్రష్టలు వివాదపడునది యిట్టి జంటలను గూర్చియే. 73 మైక్రోసెకండ్లు దాఁటెనా, వార్త చేరును. అప్పుడు బస్సువాఁడు, సూర్యునియొద్దివాఁడు, వెలుఁగు వేగమునకుఁ జేరువైన వేగముతోఁ బోవువాఁడు, ఎవఁడైనను అమలాపురపుదే ముందనును. అంతరమెంత యనునది మాఱవచ్చును గాని క్రమము మాఱదు. కావునఁ గారణలక్షణమునకు హాని లేదు. హాని లేకపోవుటయే కాదు, 'నియతపూర్వవృత్తి' యనుదానిలోని నియతశబ్దము ఇప్పుడు మఱింత సార్థకమైనది: అందఱు ద్రష్టలకును బూర్వమైనదే నియతపూర్వము, కొందఱకే పూర్వమైనది కారణకోటిలోఁ జేరదు.

ఒకేచోట జరిగిన రెండు సంఘటనల యౌగపద్యమునకును భంగము లేదు. రెండు బంతులు పడవ ముందుకొనయందే యొండొంటిని దాఁకినచో, ఆ తాఁకుడు గట్టువానికిని దాఁకుడే. వివాదము దూరముతోడనే పుట్టుచున్నది.

ఈ భేదము గ్రంథములయందే యున్నదనుకొనరాదు. దీనిని దినదినము లెక్కలో వేసికొను యంత్రములు నేఁడు మన చేతులలో నున్నవి. అంతర్వేదియొద్ద వాసిష్ఠము కలియు సముద్రముపైఁ బోవు పడవలకుఁ దాముండు చోటు చెప్పు యంత్రము లుపగ్రహముల గడియారములను నమ్ముకొని పనిచేయును. ఆ గడియారములను సరిచేయుటలో నొక చిక్కు గలదు. అమలాపురమున నొక గడియారముంచి, దానికిఁ దూర్పున నొకటి, దానికిఁ దూర్పున నింకొకటి, ఇట్లు భూగోళముచుట్టును వరుసగా నుంచి, ప్రతి జంటను మనము వైనతేయము గట్టునఁ జెప్పిన మధ్యదీపన్యాయముచొప్పున సరిచేసికొనుచుఁ బోయితిమనుకొనుఁడు. ప్రతి యిరుగుపొరుగు జంటయు సరిగానే యుండును. చుట్టివచ్చి యమలాపురము చేరునప్పటికిఁ గడపటి గడియారము మొదటిదానితోఁ గలియదు. సెకండులో నూఱుకోట్లవ భాగములు సుమారు 190 భేదము వచ్చును. భూమధ్యరేఖమీఁద 207. భూమి తిరుగుచుండుటయే దీనికిఁ గారణము. ఫ్రాన్సు దేశపు సాన్యాక్ 1913 లోఁ దిరుగు పీఠముపై వెలుఁగుతోఁ జేసిన పరీక్ష పేర దీనిని వ్యవహరింతురు. 'ఇది దానితో నేకకాలము, అది వేఱొకదానితో నేకకాలము, కావున మొదటిది కడపటిదానితో నేకకాలము' అను వ్యాప్తియే యిచ్చట వ్యభిచరించుచున్నది. వెలుఁగు సెకండులో నూఱుకోట్లవ భాగమున నొక యడుగు పోవును; కావున నీ సవరణను విడిచినచో స్థాననిర్ణయమునఁ బదుల మీటర్ల తప్పు రాఁగలదు. ఉపగ్రహముల నిర్వాహకులు భూమితోఁ దిరుగని యొక ద్రష్టను గల్పించి, వాని యౌగపద్యమునే యందఱును గైకొనవలెనని యేర్పాటు చేసికొనిరి. అది యేర్పాటు మాత్రమే. 82½ డిగ్రీల రేఖను గైకొనుట యెట్టిదో యిదియు నట్టిదే. దేశాంతరముతోఁ బోలిక యేమైన నున్నచో నిచ్చట నున్నది.

దిక్కును గూర్చి మనవా రింతకంటె సులభముగా నంగీకరించిరి. అమలాపురము రాజోలునకుఁ దూర్పు, యానామునకుఁ బడమర. ఒక్క యూరే తూర్పును బడమరయు నగుట విరుద్ధమని యెవరును వాదింపలేదు. ప్రాచ్యాది వ్యవహారము ఉపాధిభేదమువలన ననిరి. దిక్కున కొసఁగిన యీ యుదారతనే కాలమునకును గొంత యొసఁగుమని సాపేక్షవాదము కోరుచున్నది. 1908 లో మింకోవ్‌స్కీ యను జర్మను పండితుఁడు దిక్కును గాలమును వేర్వేఱుగాఁ జూడక, రెంటిని గలిపి యొక్కటే సంస్థానముగా నిరూపించెను. ద్రష్ట గమనమును బట్టి యా యొక్కటి దిక్కుగా నింత, కాలముగా నింత యని విభాగము పొందును. రఘునాథశిరోమణి దిక్కాలము లీశ్వరునికంటె నతిరిక్తములు గావని చెప్పినదానిని బట్టుకొని మింకోవ్‌స్కీ మతము మనయందే యున్నదని చెప్పువారుండవచ్చును. శిరోమణి చేసినది పదార్థలాఘవము. ఆతని వాదమున ద్రష్ట గమనమునకుఁ జోటు లేదు. ఈ రెంటికి ముడివేయుట తగదు.

పాఠశాలలోఁ దర్కసంగ్రహము చెప్పు నుపాధ్యాయుఁడు కాలలక్షణము వచ్చినపుడు శిష్యుని కేమి చెప్పవలెను? మూలమును దిద్ద నక్కఱలేదు. అది యా కాలపు జ్ఞానమున కనుగుణమైన గ్రంథము. అతీతాది వ్యవహారహేతుత్వము నేఁటికిని జెల్లును, వ్యవహర్త యెవఁడో చెప్పినచో. యౌగపద్యము మాత్రము లింగముగాఁ జెప్పునప్పు డొక విశేషణము చేర్పవలెను: ఏకదేశమునందలి సంఘటనల విషయమున నిరుపాధికముగాను, భిన్నదేశములయందలి వాని విషయమున ద్రష్టృగత్యుపహితముగాను నని. ఏకత్వమును గూర్చి శిష్యుఁ డడిగినచో, వైనతేయముగట్టున దీపము పెట్టి యా బస్సువాని లెక్కను వానిచేతనే చేయింపవచ్చును. త్రైరాశికము వచ్చిన బాలున కది కష్టము గాదు.